ఇంటిబండి మార్చాలా? మేము వేసుకున్న లెక్క

2010లో కొన్న మా సువార్త వ్యానుకు 2025తో పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషను గడువు దగ్గర పడిందని గుర్తుకు వచ్చిన వారంలోనే పుంగనూరు దాటాక ఒక మలుపులో బ్రేకు సరిగా పట్టలేదు. ఎదురుగా ఎవరూ రాలేదు గనుక దేవుని కృపవలన క్షేమంగా బయటపడ్డాం. ఆ రాత్రి వ్యానులోనే పడుకుంటే పైకప్పు నుండి వాన చుక్క చుక్కగా దుప్పటి మీద పడింది. మేమిద్దరం లేచి కూర్చుని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ఇంక ఈ బండి చాలు, మార్చేద్దాం" అన్న మాట ఇద్దరి నోటా ఒక్కసారే వచ్చింది.

మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికి మాకు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో మేము నేర్చుకున్నది మన కుటుంబాలలో చాలామందికి పనికివస్తుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాం. మీ ఇంట్లో వ్యాను ఉండకపోవచ్చు. ట్రాక్టరో, ఆటోనో, మోటారు సైకిలో ఉంటుంది. "పాతదానికి రిపేరు చేయించాలా, అప్పు చేసి కొత్తది తేవాలా?" అన్న ప్రశ్న ఏదో ఒక రోజు మీ గడప కూడా తొక్కుతుంది.

ఇంటిబండి అంటే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సంఘాలు కొన్ని కలిసి నడిపిస్తున్న గ్రామ సేవలో మేము పని చేస్తున్నాం. నెలకు వారం, పది రోజులు ఊళ్లు తిరుగుతాం. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వరకు వంద కిలోమీటర్లు దాటిన దారి అది. మధ్యలో లోపలి పల్లెలకు వెళ్ళే మట్టి రోడ్లు వేరు. ప్రతి రాత్రీ ఇల్లు చేరడం వీలుకాదు. అందుకే వ్యానులో వెనుక సీట్లు తీసివేయించి రెండు మడత బల్లలు, ఒక నీళ్ల డ్రమ్ము, పాటల పుస్తకాల పెట్టె, మైకుసెట్టు పెట్టుకున్నాం. పిల్లలు దానికి 'ఇంటిబండి' అని పేరు పెట్టారు.

అసలైన ఇంటిబండి ఇంకా పెద్దది. సినిమా షూటింగులకు వచ్చే క్యారవాన్ మీరు చూసే ఉంటారు. పరుపులు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉంటాయి. 1910లోనే అమెరికాలో పియర్స్-ఆరో అనే కంపెనీ వెనుక సీటు పరుపుగా మారే మోటారు బండిని ప్రదర్శనకు పెట్టింది. ఇప్పుడు ఆ దేశాల్లో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఎందరో అలాంటి బండ్లలో నెలల తరబడి ఊళ్లు తిరుగుతూ ఉంటారు. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో పర్యాటకుల కోసం క్యారవాన్ పథకం ప్రకటించింది.

మా బాధ విన్న ఒక కుటుంబం, మన ప్రాంతం నుండి వెళ్ళి బెంగళూరులో స్థిరపడినవారు, మంచి మనసుతో ఒక మాట చెప్పారు. మూడేళ్లు వాడిన క్యారవాన్ ఒకటి 22 లక్షలకు వస్తుందట. సగం వారు ఇస్తారు, మిగతా సగం సంఘాలు చూసుకోవాలి. ఆ బండి ఫోటోలు చూసిన రోజు మాకు నిద్ర పట్టలేదు. అబద్ధమెందుకు, దానిలో మరుగుదొడ్డి చూసి మాలో ఒకరికి కళ్ల నీళ్లు వచ్చాయి. నడుము నొప్పితో, తెలియని ఊళ్లో, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పొదల వైపు వెళ్ళినవారికే ఆ కన్నీళ్ల అర్థం తెలుస్తుంది.

మనకు ముందు నడిచినవారు

బండి గురించిన ఆలోచన ఈ ప్రాంతపు సేవకులకు కొత్తది కాదు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను తరపున జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెలో పని ప్రారంభించారు. ఆయన బోధకుడే కాక వైద్యుడు కూడా. అదే సంవత్సరం కొందరు దేశీయ సహాయకులతో కలిసి, పుస్తకాలు, మందుల పెట్టెలు వెంటబెట్టుకుని, నిజాం రాజ్యం గుండా గోదావరి ప్రాంతం వరకు తిరిగి వచ్చారు. సుమారు 1,200 మైళ్ల ప్రయాణం అది, దాదాపు అయిదు నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఎద్దుల బండి గంటకు రెండు మూడు మైళ్లకు మించి నడవదు.

తరువాత 1909లో వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ గారికి ఒక చిన్న ప్యూజో కారు కానుకగా వచ్చింది. ఎద్దుల బండి స్థానంలో మోటారు బండి! ఆమె దాన్ని ఏమి చేశారు? వారం వారం గుడియాత్తం దారిలో వెళుతూ, దారి పక్కన చెట్ల కింద ఆగి, ఆసుపత్రికి రాలేని రోగులను అక్కడే చూశారు. కొత్త బండి వల్ల ఆమె రోజుకు ఎక్కువమందికి అందుబాటులోకి వచ్చారు. ఆ మార్పుకు విలువ అక్కడ ఉన్నది.

మన ఆరోగ్యవరం సంగతి కూడా అంతే. 1950 నుండి 1955 వరకు అక్కడి వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల గ్రామాలలో క్షయవ్యాధి మీద పెద్ద సర్వే జరిపారు. రోగి వచ్చేదాకా శానిటోరియంలో కూర్చుని ఉంటే గ్రామాల్లో ఆ రోగం ఎంత ఉన్నదో తెలిసేది కాదు. వాళ్లే జనం దగ్గరికి వెళ్ళారు.

ఈ సంగతులు చదువుకుంటూ ఉంటే మా ప్రశ్న కొంచెం మారింది. "కొత్త బండి బాగుంటుందా?" అని అడగడం మానుకున్నాం. బాగానే ఉంటుంది, అందులో సందేహమేమున్నది? "కొత్త బండి మమ్మల్ని ఇంకా ఎవరి దగ్గరికి చేరుస్తుంది?" అని అడగడం మొదలుపెట్టాం.

కాగితం మీద లెక్క

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉన్నది. మేమూ కూర్చున్నాం. ఒక నోటుబుక్కు తీసి నడిమికి గీత గీసి, ఒక వైపు పాత బండి, ఒక వైపు కొత్త బండి అని వ్రాశాం.

ముందు క్యారవాన్. 22 లక్షలలో దాతలు 11 లక్షలు ఇస్తే మిగిలినవి 11 లక్షలు. మా పాత వ్యాను అమ్మితే లక్షన్నర వస్తుందన్నారు. తక్కువ పడేది తొమ్మిదిన్నర లక్షలు. నూటికి 11 వడ్డీతో అయిదేళ్ల అప్పు తీసుకుంటే నెలకు సుమారు 20,650 రూపాయల కంతు. అయిదేళ్లలో వడ్డీయే రమారమి 2 లక్షల 90 వేలు. ఇన్సూరెన్సు ఏటా 40,000 అన్నారు. సర్వీసుకు 15,000 అనుకున్నాం. డీజిలు ఖర్చులో కొంత కలిసివస్తుంది. మేము ఏటా తిరిగేది 9,000 కిలోమీటర్లు. పాత బండి లీటరుకు 9, కొత్తది 11 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 180 లీటర్లు మిగులుతుంది, అంటే పదిహేడు వేల రూపాయల పైచిలుకు. అది తీసివేసినా ఏడాదికి 2 లక్షల 85 వేలు.

ఇప్పుడు పాత వ్యాను. మదనపల్లెలో మాకు తెలిసిన మెకానిక్ దాన్ని ఒక రోజంతా చూసి పట్టీ వ్రాసి ఇచ్చాడు. ఇంజను పని 90,000. నాలుగు టైర్లు 36,000. బ్రేకులు, స్టీరింగు 28,000. పైకప్పు రేకు, కిటికీలు 22,000. వైరింగు 9,000. మొత్తం 1,85,000. సొంత వాడకపు బండికి పదిహేనేళ్లు నిండిన తరువాత ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషనును అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుండి కారు, వ్యాను వంటి వాటికి ఆ రుసుము 5,000 అయింది. ఈ 1,90,000 అయిదేళ్లకు పంచితే ఏటికి 38,000. ఇన్సూరెన్సు 12,000. ఎప్పుడు ఏది పోతుందోనని మరో 25,000 పక్కన పెట్టాం. మొత్తం ఏడాదికి 75,000.

మా డైరీలు తీసి చూస్తే ఒక సంవత్సరంలో మేము వ్యానులో పడుకున్న రాత్రులు 46. లెక్క కట్టాం. క్యారవాన్ అయితే రాత్రికి 6,200 రూపాయలు. పాత వ్యాను అయితే 1,630.

న్యాయంగా చెప్పాలంటే ఇంకొక మాట కూడా చెప్పాలి. అయిదేళ్లకు అప్పు తీరిపోయి క్యారవాన్ మిగులుతుంది, మా పాత వ్యాను మాత్రం అప్పటికి ఇనుప సామాను కొట్టుకు చేరువవుతుంది. అది నిజం. అయితే అప్పటికి ఆ క్యారవాన్‌కు కూడా ఎనిమిదేళ్లు నిండుతాయి. కొన్న ధరలో సగమైనా పలుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేకపోయారు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.6 డీజిలు బండ్లలో పొగ తక్కువ, అది అందరికీ మేలే. కానీ వాటిలో చాలా పనులు కంప్యూటరు పెట్టి చూడవలసినవి. కొన్నింటికి డీజిలుతో పాటు యూరియా ద్రావణం కూడా పోయాలి. మా దారిలోని చిన్న షెడ్డులో సుత్తి, స్పానరు పట్టుకున్న తమ్ముడు దానికి చేయి పెట్టలేడు.

కాగితం మీదికి రాని లెక్క

ఇంతవరకు రూపాయల సంగతి. ఇక కాగితం మీదికి రాని సంగతి ఒకటి కుప్పం వైపు పల్లెలో తెలిసింది.

అక్కడ మన విశ్వాసుల వాడ ఊరి చివర ఉంటుంది. ముప్పై ఇళ్లు, ఒక చిన్న ప్రార్థన మందిరం. రాత్రి కూటం ముగిసిన తరువాత వ్యాను తలుపు తీసి బల్లలు దించుకుంటున్నాం. డెబ్బై దాటిన ఒక అవ్వ వచ్చి వ్యానులోకి తొంగి చూసింది. ఫోను తీసి క్యారవాన్ ఫోటోలు చూపించి, "అవ్వా, ఇట్లాంటిది కొందామనుకుంటున్నాం, ఎట్లుంది?" అని అడిగాం.

అవ్వ చాలాసేపు చూసింది. "బాగుండాది సామీ. మీకు సుకమే. అయితే ఒక మాట చెప్తా, ఏమనుకోబాకండి" అన్నది. "ముందు మీరు బస్సులో వస్తా ఉండిరి. మా ఇంటికాడ సంగటి తిని, మా మంచం మింద పండుకుంటా ఉండిరి. ఈ బండి వచ్చినాక మీకు మా మంచం అక్కర లేకపోయె. ఇంగ ఆ బండి వస్తే మా చెంబు నీళ్లు గూడా అక్కర లేదు గదా!"

మేము ఏమీ చెప్పలేకపోయాం. అవ్వ కోపంతో అనలేదు. నవ్వుతూనే అన్నది. అందుకే అది ఎక్కువ తగిలింది.

మన వాడలలో పుట్టి పెరిగినవారికి దాని అర్థం విడమరచి చెప్పనవసరం లేదు. మన ఇంటి గ్లాసులో నీళ్లు తాగనివారు, మన గడప తొక్కనివారు ఈ దేశంలో ఎంతమంది! అలాంటి చోట దూరం నుండి వచ్చిన ఒకరు మన ఇంట్లో కూర్చుని రాగిసంగటి తిని, మన నులక మంచం మీద నిద్రపోతే ఆ ఇంటికి అది పండుగ. మేము వాక్యం చెప్పడం కంటే ముందు ఆ మంచం మీద పడుకోవడమే ప్రసంగం చేసింది. ప్రభువు కూడా శిష్యులను పంపేటప్పుడు తమను చేర్చుకున్న ఇంట్లోనే ఉండి, వారు పెట్టింది తినమని చెప్పారు. సంచి, జోలె వద్దన్నారు. వారు ఇతరుల మీద ఆధారపడి వెళ్ళాలన్నదే ఆ ఆజ్ఞలోని మర్మమేమో అనిపించింది.

ఇంటికి వచ్చి డైరీలు మళ్లీ తిరగేశాం. వ్యాను రాకముందు సంవత్సరం మేము బయట గడిపిన రాత్రులు 60. అవన్నీ విశ్వాసుల ఇళ్లలోనే. వ్యాను వచ్చిన తరువాత కూడా బయట గడిపే రాత్రులు దాదాపు అన్నే. ఇళ్లలో పడుకున్నవి మాత్రం ఏడాదికి పదికి దిగిపోయాయి. ఆ మార్పు మాకు తెలియకుండానే జరిగింది. ఎవరూ మమ్మల్ని వద్దనలేదు. మేమే "మీకెందుకమ్మా శ్రమ" అంటూ తప్పుకున్నాం. అది మర్యాద అనుకున్నాం. అవతలివారికి అది ఎడంగా కనిపించింది.

కమిటీ కూటంలో

ఈ లెక్కలన్నీ తీసుకుని మదనపల్లెలో కమిటీ ముందు పెట్టాం. యువకులు క్యారవాన్ వైపు మాట్లాడారు. "పెద్ద తెర పెట్టొచ్చు, మంచి సౌండు పెట్టొచ్చు, ఊళ్లో నాలుగు వందల మంది చేరతారు" అన్నారు. వారి ఆసక్తి మెచ్చుకోదగినది.

స్త్రీల సహవాసం పెద్దామె లేచి ఒక లెక్క చెప్పారు. మన ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం వేసేటప్పుడు ఒక పిడికెడు సేవకని పక్కన పెడతారు. అన్ని సంఘాలవీ కలిపితే నెలకు తొంభై కిలోలు వస్తాయి. "నెలకు ఇరవై వేల ఆరు వందల యాభై కంతు కట్టాలంటే, కిలో నలభై రూపాయల లెక్కన అయిదు క్వింటాళ్ల పైన బియ్యం గావాల. అంత పిడికెడు యాడ తెచ్చేది?" అని అడిగారు. ఎవరూ బదులు చెప్పలేదు.

పుంగనూరు నుండి వచ్చిన ఒక రైతు అన్న నవ్వుతూ, "మా పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తు. రవంత మేత, ఇంటికి చాలినన్ని పాలు. మన మేత ఎంతో చూసుకుని ఆవును కట్టుకోవాల గానీ, ఆవును చూసి మేత కోసం అప్పు చేయగూడదు" అన్నారు. అందరూ నవ్వారు. కూటం సగం అక్కడే తేలిపోయింది.

అయితే మాలో ఒకరు లేచి చెప్పవలసిన మాట చెప్పారు: "అవ్వ మాట నిజం, అక్క లెక్క నిజం. కానీ మా నడుము నొప్పి కూడా నిజమే. ఆడమనిషికి రాత్రిపూట మరుగు లేకపోవడం భోగం కోసం అడిగేది కాదు. ఇళ్లలో పడుకోమంటే పడుకుంటాం, చాలా ఇళ్లలో దొడ్డి లేదు. దానికి ఏమి చేద్దాం?"

కూటంలో మౌనం. అప్పుడు ఒక పెద్ద బైబిలు తెరిచి రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం గుర్తు చేశారు. షూనేములో ఒక స్త్రీ, తమ ఊరి దారిన తరచుగా వెళ్ళే ఎలీషా ప్రవక్త కోసం మిద్దె మీద చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, కుర్చీ, దీపం పెట్టించింది. ఆమె ప్రవక్తకు మంచి రథం కొనిపెట్టలేదు. తమ ఇంట్లో చోటు ఇచ్చింది. అందువల్ల ఆ ఇంటి సుఖదుఃఖాలన్నీ ప్రవక్తకు తెలిశాయి. బిడ్డ చనిపోయిన రోజు ఆమె ఎవరి దగ్గరికి పరుగెత్తాలో ఆమెకు తెలుసు.

నిర్ణయం

ఆ కూటంలో నాలుగు తీర్మానాలు జరిగాయి.

మొదటిది, పాత వ్యానును వెంటనే బాగు చేయించాలి. బ్రేకులు, టైర్లు, స్టీరింగు ముందు, మిగతావి తరువాత. ప్రాణానికి సంబంధించిన వాటిలో పొదుపు చేయకూడదు. బ్రేకు లేని బండిని ప్రార్థన చేసి నడపడం విశ్వాసం కాదు, ప్రభువును శోధించడమే.

రెండవది, పుంగనూరు వైపు ఒకటి, కుప్పం వైపు ఒకటి, రెండు మందిరాల పక్కన చిన్న గది, మరుగుదొడ్డి, స్నానాల గది కట్టాలి. అవి మా ఒక్కరికే కావు. ఆదివారం దూరం నుండి వచ్చే తల్లులకు, పరీక్షల కాలంలో చదువుకునే పిల్లలకు కూడా.

మూడవది, ప్రతి పర్యటనలోనూ కనీసం మూడు రాత్రులు విశ్వాసుల ఇళ్లలో గడపాలి. వ్యానులో పడుకోవడం తప్పనిసరి అయిన చోట మాత్రమే.

నాలుగవది, నెలకు 4,000 రూపాయలు బండి నిధి అని విడిగా దాచాలి. అయిదేళ్లకు 2,40,000 అవుతుంది. 2030లో రిజిస్ట్రేషను గడువు తీరే వేళకు అప్పు లేకుండానో, చిన్న అప్పుతోనో మరొక మామూలు వ్యాను కొనుక్కోవచ్చు.

బెంగళూరు కుటుంబానికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని భయపడ్డాం. కానుక ఇస్తామన్నవారి చేయి తోసివేసినట్టు అవుతుందేమోనని. ఉత్తరం వ్రాసి లెక్కల కాగితం కూడా జతచేశాం. పది రోజులు జవాబు లేదు. తరువాత ఫోను చేశారు. క్యారవాన్ కోసం అనుకున్నంత ఇవ్వలేమనీ, రెండు మరుగుదొడ్లు, స్నానాల గదులు మాత్రం తామే కట్టిస్తామనీ చెప్పారు. గదుల గోడలకు ఇటుక, ఇసుక సంఘాలవారు, కూలి మన అన్నదమ్ములు. వ్యాను రిపేరుకు అయిన ఖర్చు మూడు చోట్ల సంఘాలు పంచుకున్నాయి. అప్పు లేదు.

మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే

మాకు తెలిసిన కొన్ని సంగతులు మీ మేలు కోరి చెబుతున్నాం.

కొత్త బండి ధర ఒక్కటే చూడవద్దు. వడ్డీ, ఇన్సూరెన్సు, సర్వీసు కలిపి ఏడాదికి ఎంతో వ్రాయండి. దాన్ని మీరు నిజంగా వాడే రోజులతో భాగించండి. "వాడతాం" అనుకున్న రోజులు కాదు, పోయిన ఏడాది వాడిన రోజులు.

పాత బండిని ఊరికే "ముసలిది" అనవద్దు. తెలిసిన మెకానిక్ చేత పూర్తిగా చూపించి పట్టీ వ్రాయించుకోండి. ఛాసిస్ తుప్పు పట్టి బలం పోయిందని అతడు చెబితే ఇంక దాని మీద డబ్బు పోయవద్దు. ఆ మాట వస్తే మేమూ మార్చి ఉండేవాళ్లమే.

వ్యానులో సీట్లు తీయించి పడకలు పెట్టించడం వంటి మార్పులకు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్టరు చేసే అధికారి అనుమతి కావాలి. ఆర్.సి.లో అది ఎక్కించుకోకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది.

బండిలో పడుకునేవారు అన్ని కిటికీలు మూసి ఇంజను నడుస్తూ ఉండగా నిద్రపోకూడదు. లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదు. వాసన తెలియని విషవాయువు ప్రాణం తీస్తుంది. గ్యాసు పొయ్యి కిందికి దించి బయటే వంట చేసుకోవాలి. పలమనేరు, కుప్పం దారిలో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఉన్నది. అక్కడ ఏనుగులు పొలాల్లోకి, రోడ్డు మీదికి వస్తాయి. ఆ చుట్టుపక్కల రోడ్డు పక్కన బండి ఆపి రాత్రి గడపవద్దు. ఊళ్లోకి వెళ్ళి పదిమంది మధ్య ఉండండి.

చివరగా, అందరికంటే తక్కువ మాట్లాడేవారిని అడగండి. మా నోటుబుక్కులో అన్ని అంకెలూ ఉన్నాయి. అవ్వ మాట లేదు. ఆ మాట వినకపోతే మేము సరైన లెక్క వేసి తప్పు బండి కొనేవాళ్లం.

మొన్నటి పర్యటనలో ఆ పల్లెకు మళ్లీ వెళ్ళాం. బ్రేకు గట్టిగా పట్టింది, పైకప్పు కారలేదు. మందిరం పక్క గదికి ఇంకా సున్నం వేయలేదు గానీ తలుపుకు గొళ్లెం వచ్చింది. ఆ రాత్రి గదిలో పడుకోలేదు. అవ్వ అప్పటికే మంచం దులిపి, ఉతికిన దుప్పటి పరచి, చెంబుతో నీళ్లు పెట్టి గడపలో కూర్చుని ఉన్నది.

"వస్తిరా సామీ? రాండి, సంగటి చల్లారిపోతా ఉండాది" అన్నది.

నులక మంచం మధ్యలో కొంచెం కుంగి ఉన్నది. నడుముకు అంత మంచిది కాదు. అయినా ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. తెల్లవారి లేచేసరికి అవ్వ మనుమడు తన చదువు గురించి, మానేద్దామనుకుంటున్న సంగతి గురించి చెప్పడానికి మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వ్యానులో పడుకుని ఉంటే ఆ బిడ్డ వచ్చి తలుపు తట్టేవాడా?

మన ప్రభువుకు ఈ లోకంలో తలవాల్చుకోవడానికి సొంత చోటు లేదు. అందుకే ఎంతోమంది ఇళ్ల తలుపులు ఆయన కోసం తెరుచుకున్నాయి. మన బండ్లు, మన ఇళ్లు, మన వస్తువులు మనలను ఒకరికొకరిని దగ్గర చేసేవిగా ఉండును గాక. ఆమేన్.